తమ్ముడి బీరు కుళాయికి ఏటికొప్పాక పిడి

బీరంటే ప్రాణం పెట్టేవాళ్ళకి ఏదైనా కొనిద్దామని వెతికితే ముందు కనిపించేవి మాటలు అచ్చేసిన టీషర్టులు. ఆ తర్వాత ఓపెనర్లు. గిటార్ ఆకారంలో ఒకటి, తుపాకీ గుండు ఆకారంలో ఒకటి, ఉంగరంలా వేలికి పెట్టుకునేది ఇంకొకటి. సీసా మూతలు పోగేసుకునే చెక్క పెట్టెలు, బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్లాంటి చెవిపోగులు, గ్లాసు బొమ్మలున్న సాక్సులు కూడా ఉన్నాయి. చూడ్డానికి అన్నీ సరదాగానే ఉంటాయి. కానీ మా తమ్ముడి నలభయ్యో పుట్టినరోజుకి పంపాల్సింది ఇవి కావనిపించింది. వాడు అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లో ఉంటాడు. చిన్న బ్రూవరీలు కాచే క్రాఫ్ట్ బీరు తాగడం ఒక్కటే కాదు, గ్యారేజీలో సొంతంగా కాస్తాడు కూడా.

ముందు మరదలికి ఫోన్ చేశాను. తను నవ్వేసి, “వదినా, టీషర్టులు మాత్రం వద్దండీ. అలమరాలో ఒక అర నిండా అవే. ఓపెనర్లకైతే లెక్కే లేదు. ఆయన వాడేది మాత్రం గోడకి బిగించిన ఆ పోత ఇనుముది ఒక్కటే. చేత్తో రోజూ ముట్టుకునేది ఏదైనా చూడండి” అంది. నాకు దారి దొరికింది ఆ చివరి మాటతోనే.

వాడి గ్యారేజీ సంగతి కొంచెం చెప్పాలి. ఐస్‌క్రీమ్ షాపుల్లో ఉంటుందే, పైమూత తెరిచే పెద్ద ఫ్రీజరు, అలాంటిది ఒకటి కొన్నాడు. అది గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచేలా టెంపరేచర్ కంట్రోలర్ పెట్టాడు. లోపల 5 గ్యాలన్ల స్టీలు పీపాలు, అంటే ఒక్కోటి సుమారు 19 లీటర్లు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు వాడిన రకం అవి. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. ఫ్రీజరు మూతకీ ఒంటికీ మధ్య చెక్క చట్రం బిగించి, దానికి వరసగా కుళాయిలు పెట్టాడు. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో చట్టం చేశారు. పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు. అమ్మడం మాత్రం కుదరదు. కాబట్టి వాడు కాచిందంతా స్నేహితులకీ చుట్టుపక్కలవాళ్ళకీ పోస్తాడు.

ఆ కుళాయిలు తెరవడానికి ముందుకు లాగే పిడి ఉంటుంది. బ్రూవరీల్లో ఆ పిడి చూసే ఎవరి బీరో గుర్తుపడతారు. ఒకరిది చేప, ఒకరిది గొడ్డలి, ఒకరిది దీపస్తంభం. మరదలు పంపిన ఫోటోలో మా వాడి కుళాయిలకి ఉన్నవి నల్ల ప్లాస్టిక్ పిడులు, కుళాయితో పాటు పెట్టెలో వచ్చేవి. తను కాచే ప్రతి బీరుకీ శ్రద్ధగా పేరు పెట్టుకుంటాడు. ఎండాకాలం కోసం గోధుమ కలిపి చేసేదాని పేరు ‘ఉక్కపోత’. విశాఖపట్నం మే నెల ఉక్కలో పెరిగినవాడికి తప్ప ఆ పేరు తట్టదు. అలాంటి బీరు ఆ నల్ల ప్లాస్టిక్ లాగితే రావడం నాకు నచ్చలేదు.

గ్లాసుల గురించి కూడా ఆలోచించాను. ఐపీఏ అనే చేదెక్కువ బీరు కోసమే జర్మనీకి చెందిన స్పీగెలావ్ కంపెనీ 2013లో డాగ్‌ఫిష్ హెడ్, సియెర్రా నెవాడా బ్రూవరీలతో కలిసి ఒక గ్లాసు తయారుచేసింది. కింద సన్నగా గాట్లున్న పిడి, పైన ఉబ్బుగా పాత్ర. కొన్ని గ్లాసులకి అడుగున చిన్న గుర్తు చెక్కి ఉంటుంది. ఆ గరుకు దగ్గరే బుడగలు పుట్టి పైకి లేస్తూ ఉంటాయి కాబట్టి నురగ నిలుస్తుంది. కానుకగా ఇవి బాగానే ఉంటాయి, కాదనను. కానీ పోర్ట్‌లాండ్‌లో ఉన్నవాడికి విశాఖపట్నం నుంచి గ్లాసు పంపడంలో అర్థం లేదు. దారిలో పగిలితే అసలే లేదు.

పిడి అనుకోగానే ఏటికొప్పాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆడుకున్న లక్కపిడతలు అక్కడివే. కర్రని లేత్ మీద గుండ్రంగా తిప్పి, పైన రంగుల లక్క పట్టించడమే వాళ్ళ పని. కుళాయి పిడి కూడా గుండ్రంగా తిప్పిన కర్రే కదా.

ఈ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ మొహం ముడుచుకుంది. “తాగుడికి బొమ్మలు కూడానా?” అంది. నాన్న ఏమీ అనకుండా ఫోటో చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు. ఆయన షిప్‌యార్డ్‌లో టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. బీరు ముట్టుకుని ఎరగరు. “దీని అడుగున బిగించే మర ఏమిటో కనుక్కో. అది తెలియకుండా బొమ్మ చేయిస్తే షోకేసులో పెట్టుకోవాల్సిందే” అన్నారు.

అమెరికాలో బీరు కుళాయిల మరకి ఒక స్టాండర్డ్ ఉంది. మూడు ఎనిమిదోవంతుల అంగుళం మందం, అంగుళానికి 16 పళ్ళు. కుళాయి మీద మగ మర, పిడి అడుగున ఆడ మర. మన దగ్గర మెకానిక్కులు దీన్నే మూడు సూతులంటారు. నేను వన్‌టౌన్‌లో ఒక హార్డ్‌వేర్ షాపుకెళ్ళి అడిగితే అబ్బాయి 10 మిల్లీమీటర్ల నట్టు తెచ్చి, “ఇదే మేడమ్, రెండూ ఒకటే” అన్నాడు. రెండూ ఒకటి కావు. 10 మిల్లీమీటర్ల దానికి పంటికీ పంటికీ మధ్య 1.5 మిల్లీమీటర్లు, దీనికి దాదాపు 1.59. కొన్ని చుట్లు తిరిగినట్టే తిరిగి పట్టేస్తుంది. గట్టిగా తిప్పితే అక్కడ తమ్ముడి కుళాయి మర పాడవుతుంది.

అప్పుడు నాన్న పాత డబ్బా తీశారు. అందులో విసనకర్రలా విప్పుకునే త్రెడ్ గేజ్ ఉంది. చిన్న చిన్న రేకులు, ప్రతి రేకు అంచునా రంపంలా పళ్ళు. ఇంట్లో ఉన్న మూడు సూతుల బోల్టు ఒకటి తీసుకుని, 16 అని రాసి ఉన్న రేకుని దాని మీద ఆనించి కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి నన్ను చూడమన్నారు. రేకుకీ బోల్టుకీ మధ్య సన్నని వెలుగు గీత. “ఇది మన పాత బ్రిటిష్ మర. దీనికీ 16 పళ్ళే. కానీ పళ్ళ మధ్య పల్లం కోణం 55 డిగ్రీలు. అమెరికా వాళ్ళది 60. చేత్తో తిప్పితే ఎక్కేస్తుంది, అందుకే చాలామంది ఇదే సరిపోయిందనుకుంటారు. రోజూ లాగే పిడికి ఇలా ఉండకూడదు” అన్నారు. రిటైరయ్యాక ఆయన ఇంత హుషారుగా మాట్లాడటం నేను చూడలేదు.

గాజువాక ఆటోనగర్‌లో ఆయనకి తెలిసిన లేత్ వర్క్‌షాప్ ఉంది. అమెరికా మెషీన్ల స్పేర్లు అమ్మేచోట 60 డిగ్రీల బోల్టు ఒకటి సంపాదించారు. ఇత్తడి కడ్డీ ముక్కకి 5/16 అంగుళాల బెజ్జం వేయించి, దాంట్లో మర తీయించారు. బయటివైపు వేలికి గరుగ్గా తగిలేలా నర్లింగ్ చేయించారు. కర్ర పిడి లోపల జిగురు పట్టు దొరకాలంటే నున్నగా ఉండకూడదట. బోల్టు అందులోకి ఊగకుండా, బిగుసుకోకుండా, రెండు వేళ్ళతో తిప్పితే చివరిదాకా వెళ్ళింది. ఆ ఇత్తడి బుష్షుని జేబులో వేసుకుని ఏటికొప్పాక బయల్దేరాం, నాన్నా నేనూ.

హైవే మీద అడ్డరోడ్డు దగ్గర దిగి లోపలికి వెళ్ళాలి. వరాహ నది ఒడ్డున ఉంటుంది ఊరు. ఈ బొమ్మలకి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులని మళ్ళీ వాడకంలోకి తేవడానికి ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద నిలబడినవీ ఈ బొమ్మలే.

మేం వెళ్ళిన ఇంట్లో పెద్దాయనకి విషయం చెప్పాను. బీరు కుళాయి అనేసరికి కాసేపు ఆశ్చర్యపోయి, తర్వాత నాన్న చేతిలో ఇత్తడి ముక్క చూసి పనిలోకి దిగిపోయారు. ముందు గోపురం ఆకారం వేస్తానన్నారు. తర్వాత కలశం అన్నారు. చూడ్డానికి రెండూ అందంగానే ఉంటాయి. కానీ కలశం తీసుకెళ్ళి బీరు కుళాయి మీద పెట్టడం నాకు ససేమిరా ఇష్టంలేదు. “బాబాయ్, లక్కపిడతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చెయ్యగలవా? కింద బాన, దానిమీద బిందె, ఆపైన చెంబు, కొసకి చిన్న గిన్నె” అన్నాను. ఆయన ఏమీ అనకుండా నేల మీద సుద్దముక్కతో గీశారు. నేను చెప్పినదానికంటే బాగుంది.

కొలతలు మరదలు పంపింది. కుళాయికీ కుళాయికీ మధ్య మూడున్నర అంగుళాలుంది, కాబట్టి ఎక్కడా రెండున్నర అంగుళాల లావు దాటకూడదు. ఎత్తు 7 అంగుళాలు. పిడి మరీ పొడుగ్గా, బరువుగా ఉంటే దాని బరువుకి అదే ముందుకు వాలి కుళాయి తెరుచుకునే ప్రమాదముంది. రాత్రంతా బీరు కారి నేలపాలవుతుంది. ఇక్కడ ఈ బొమ్మలు చేసే అంకుడు కర్ర కలిసొచ్చింది. తేలికైన కర్ర, పోగు సన్నం, ఉలికి మెత్తగా తెగుతుంది. ఆ మెత్తదనం వల్లే కర్రలో నేరుగా మర తీస్తే నిలవదు. ఇత్తడి బుష్షు ఎందుకో పెద్దాయనకి చెప్పక్కర్లేకపోయింది. కర్ర లేత్ మీద ఉండగానే నడిమధ్యన బెజ్జం వేసేశారు, పిడి వంకర లేకుండా నిలబడాలని.

గుండ్రటి పిడితో ఇంకో లాభం ఉంది. ముందూ వెనకా ఉన్న బొమ్మ అయితే బిగించాక మొహం పక్కకి తిరిగిపోవచ్చు. దాన్ని సరిచెయ్యడానికి కింద ఇంకో నట్టు సర్దుకోవాలి. దీనికి ఎటు తిరిగినా ఒకటే. అందుకే పిడి మీద అక్షరాలేవీ వద్దనుకున్నాం.

లక్క పట్టించడం మాత్రం ఎంతసేపైనా చూడొచ్చు. తిరుగుతున్న కర్ర మీద రంగు లక్క కడ్డీని అదిమి పెడతారు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. ముందు గీతలు గీతలుగా, మచ్చలుగా ఉంటుంది. అప్పుడు మొగలి ఆకు తీసుకుని తిరుగుతున్న కర్ర మీద గట్టిగా నొక్కిపట్టారు. ఆకు కొస నుంచి కొసకి ఒక్కసారి జరిగేసరికి మచ్చలన్నీ కలిసిపోయి అద్దంలా తేలింది. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. ఉక్కపోత గోధుమ బీరు కాబట్టి పసుపు ఎక్కువుండాలన్నాను. “పసుపు ఎండకి తగ్గుతుందమ్మా. కిటికీ దగ్గర పెట్టొద్దని చెప్పు” అన్నారు. గ్యారేజీలో ఎండ పడదని చెప్పి ధైర్యంగా పసుపే వేయించాను.

నాకు అసలు టెన్షన్ ఇంకొకటి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు బీరువాలకి వేసే పాలిష్ అదే కదా, స్పిరిట్‌లో కరిగించిన లక్క. మరి బీరు పక్కన పెట్టొచ్చా? పెద్దాయన్ని అడిగితే పగిలిన గిన్నె ముక్క ఒకటి ఇచ్చి నీకు కావలసినట్టు చూసుకోమన్నారు. నా బ్యాగులో చేతులకి రాసుకునే శానిటైజర్ ఉంది. దూది మీద రెండు చుక్కలు వేసి ఎర్ర ముక్క మీద రుద్దాను. క్షణంలో దూది ఎర్రబడింది, ముక్క మీద మెరుపు పోయి జిగట తేలింది. ఇంటికొచ్చాక ఇంకో ముక్క మీద నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాను. రంగు దిగలేదు కానీ పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. బీరులో ఆల్కహాలు 5 శాతం చుట్టుపక్కల, మిగతాది చాలావరకు నీళ్ళే. కాబట్టి చెయ్యి తడితో ముట్టుకున్నా, నాలుగు చుక్కలు పడి వెంటనే తుడిచినా ఏమీ కాదు. తడిలో నానబెట్టకూడదు, స్పిరిట్ అసలు తగలకూడదు. బీరు కాచేవాళ్ళలో కొందరు శుభ్రం కోసం కుళాయిల మీద ఆల్కహాలు స్ప్రే కొడుతుంటారు. అందుకని ఒక చీటీ రాసి పిడికి దారంతో కట్టాను: ‘కుళాయి శుభ్రం చేసే ముందు పిడి విప్పి పక్కన పెట్టు. స్ప్రే తగలనివ్వకు. పొడిగుడ్డతో మాత్రమే తుడువు.’

ఈ పరీక్ష వల్లే లక్క కోస్టర్ల ఆలోచన మానుకున్నాను. అక్కడ చక్కటివి అమ్ముతారు, కాఫీ కప్పు వరకు పరవాలేదేమో. చెమటలు కక్కే బీరు గ్లాసు కింద రోజూ పెడితే పాడవుతాయి. జర్మనీలో గ్లాసు కింద పెట్టే అట్ట బిళ్ళలు మెత్తటి కర్రగుజ్జుతో చేస్తారు, నీళ్ళు పీల్చుకోవాలి కాబట్టి. ఎన్ని గ్లాసులు తాగారో వెయిటరు ఆ బిళ్ళ అంచు మీదే గీతలు గీస్తాడు. అలాంటి అట్ట మా ప్రెస్సుల్లో దొరకలేదు. లామినేషన్ వేసింది ఇస్తామన్నారు, నీళ్ళు పీల్చనిది నాకెందుకు? మంగళగిరి నూలు చీరలో మిగిలిన ముక్కలు మూడు పొరలుగా కుట్టించి, మధ్యలో ‘ఉక్కపోత’ అని నీలి దారంతో కుట్టాను. అక్షరాలు పిడి మీద కాకుండా ఇక్కడ వచ్చాయి.

ఇక సరదా వస్తువు ఒకటి ఉండాలి కదా. అమెరికాలో గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ అని ఒకటుంది, 1982లో బౌల్డర్‌లో మొదలై తర్వాత డెన్వర్‌కి మారింది. అక్కడికి వచ్చేవాళ్ళు ప్రెట్జెల్ బిస్కెట్లు దారానికి గుచ్చి మెడలో దండలా వేసుకుంటారు. ఒక్కో రకం రుచి చూసే మధ్యలో ఒక్కోటి కొరుక్కుంటారు. ఆ ఫోటో అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి, “ఇవి మన చేగోడీల్లా ఉన్నాయే” అంది. అంతే. మర్నాడు బియ్యప్పిండి, పెసరపప్పు, వాము, కారం అన్నీ గిన్నెలోకి వచ్చాయి. మామూలు కంటే బెజ్జం కొంచెం పెద్దగా చుట్టింది, దారం దూరాలని. “నేను వాడి తాగుడికి చెయ్యట్లేదు, పుట్టినరోజుకి చేస్తున్నాను” అని రెండుసార్లు అంది. చల్లారాక పురికొసకి తనే గుచ్చి, జిప్ కవర్లో గాలి లేకుండా మూసింది.

పిడిలో ఇత్తడి బుష్షుని నాన్న అరాల్డైట్ జిగురుతో కూర్చారు. ఒక రోజంతా కదపనివ్వలేదు. తర్వాత బోల్టు బిగించి, ఇంట్లో బెంచీ వైస్‌లో పట్టి, కుళాయి లాగినట్టు పదే పదే లాగి చూశారు. ఆ వేసవిలో అమ్మానాన్న తమ్ముడి దగ్గరికే వెళ్తున్నారు. పచ్చళ్ళ మధ్య కాకుండా, చీరల మడతల్లో పెట్టి పంపాను. కస్టమ్స్ ఫారంలో కర్ర వస్తువు ఉందని రాయమన్నాను, రాశారు. బెరడు లేకుండా నున్నగా తయారైన వస్తువు కాబట్టి చూసి ఇచ్చేశారట.

పుట్టినరోజు నాడు వీడియో కాల్‌లో చూశాను. తమ్ముడు చీటీ చదివి, పిడిని అటూ ఇటూ తిప్పి, అడుగున ఇత్తడి మర చూసి నాన్న వైపు చూశాడు. “ఇది మీ పనే కదూ” అన్నాడు. నల్ల ప్లాస్టిక్ విప్పి ఇది పెట్టాడు. రెండు వేళ్ళతో తిప్పితే చివరిదాకా వెళ్ళి కూర్చుంది. లాగితే గోధుమ రంగు బీరు, పైన తెల్లటి నురగ. వాడి స్నేహితులు చేగోడీల దండ ఒకరి మెడలోంచి ఒకరు లాక్కుని తిన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి మిగిలిన డబ్బా కూడా తెచ్చింది. నాన్న బీరు తాగలేదు కానీ, వచ్చినవాళ్ళందరికీ పిడి ఆయనే లాగి పోశారు.

కొన్ని నెలలు వాడాక తమ్ముడు ఫోటో పంపాడు. చెయ్యి పట్టేచోట మెరుపు ఇంకా పెరిగింది. అడుగు అంచున మాత్రం సన్నటి తెల్లని పట్టీ వచ్చింది. చల్లటి కుళాయి లోహం మీద చెమ్మ చేరి అక్కడ లక్కకి తగులుతోంది. ఏటికొప్పాక బాబాయికి చూపిస్తే, ఇత్తడిని కర్ర బయటికి అరంగుళం వదిలెయ్యమన్నారు. అప్పుడు చెమ్మ లోహం మీదే ఉంటుంది, కర్ర దాకా రాదు.

మిగతా మూడు కుళాయిలకీ కావాలని తమ్ముడు అడిగాడు. పోర్టర్ అనే ముదురు రంగు బీరుకి నల్లది, కరక్కాయ నుంచి తీసే నలుపు. ఐపీఏకి ఆకుపచ్చ, అంటే పసుపూ నీలీ కలిపినది. మూడోది ఏ బీరుకో వాడే ఇంకా తేల్చుకోలేదు. బుష్షులు అరంగుళం పొడుగు పెంచి ఆటోనగర్‌లో తయారవుతున్నాయి.